గంగాళం పద్ధతి

పెరంబూరు,
జూన్ 3.

టి. నగర్‌లో పట్టుచీరల అంగడి నెత్తిన ఆఫీసు పెట్టుకున్న సంయుక్త గారికి, పెరంబూరు నుంచి వరదరాజులు దండం పెట్టి రాసేది.

నేనెవరో మీకు గుర్తుండే ఉంటుంది. పోయిన శుక్రవారం మీ పద్నాలుగు పేజీల కాగితం మొత్తం చదివితేగాని సంతకం పెట్టనివ్వనని రెండు గంటలు కుర్చీ వదలకుండా కూర్చున్న ముసలాయన ఉన్నాడే, వాణ్ని. కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేశాను. అందులో పంతొమ్మిదేళ్లు యూనియన్ కార్యదర్శిని. కాగితం చదవకుండా సంతకం పెట్టే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

సంతకం మా ఆవిడ పంకజానిది. మీ బోదకాలు కొత్త మందు పరీక్షలో ఆమెది పదిహేడో నంబరు. ఇరవై రెండేళ్లుగా కుడికాలు వాచి ఉంది. కాలి లావు సంగతి ఆమె ఎప్పుడో మరిచిపోయింది. మరవలేనిది జ్వరం. అమావాస్య వచ్చిందంటే చాలు, వణుకు, కాలు ఎర్రగా కందిపోయి ముట్టుకుంటే చెయ్యి కాలడం, మూడు రోజులు మంచం. సర్కారు వాళ్లు ఏటా ఇంటికొచ్చి ఇచ్చే మాత్రలు మింగుతూనే ఉంది. అవి జబ్బు పాకకుండా ఆపుతాయట, పాత కాలిని ఏమీ చేయలేవట. మీ కొత్త మందుతో ఆ జ్వరం ఆగొచ్చని మీరన్నందుకే, మీ లిఫ్టు నిండా చీరల పెట్టెలు పేర్చి ఉన్నా, ఆ కాలితో మూడంతస్తులు ఎక్కింది.

ఇప్పుడు అసలు విషయం. మీ కాగితం ఆరో పేజీలో, సగం మందికి అసలు మందు, సగం మందికి అచ్చం అలాగే కనబడే, లోపల మందు లేని ఉత్తమాత్ర ఇస్తామని ఉంది. పంకజానికి ఇచ్చేది ఏది? ఇది ఒకటో ప్రశ్న. అందరిదీ ఒకే జబ్బు, అందరూ ఎక్కింది ఒకే మెట్లు, మరి మాత్రలో తేడా ఎందుకు? ఇది రెండోది. మా ఫ్యాక్టరీలో ఇలాంటిది జరిగుంటే మధ్యాహ్నానికల్లా గేటు దగ్గర జెండా పాతేవాళ్లం.

ఫోను చేయొచ్చు కదా అంటారేమో. నోటిమాటకు జవాబుదారీ ఉండదని నా అనుభవం. తొమ్మిదో పేజీలో, రాసి అడిగిన ప్రశ్నకు అదే భాషలో రాసి జవాబిస్తామని ఉంది. అరవంలోనూ ఇంగ్లీషులోనూ ఉన్న కాగితాన్ని నా పోరు పడలేక మీరే తెలుగులో చేత్తో రాసిచ్చారు. మీ చేతిరాత బాగుందని కూడా ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

ఇట్లు, జవాబు వచ్చేదాకా ఊరుకోని,
వరదరాజులు.

తా. క. ఇది పంకజం రాసేది. అమ్మా, ఈయన మాటలు పట్టించుకోవాకు. రిటైరై ఏడేండ్లాయె, యూనియన్ మాత్రం ఈయన్ని వదిలి పోలా. సాంబార్లో ఉప్పు తక్కువైతే నాక్కూడా కాయిదం రాసిస్తాడు. నువ్వు రొంబ బక్కగా ఉండావు. వేళకి తిను.


టి. నగర్,
జూన్ 14.

గౌరవనీయులైన వరదరాజులు గారికి, శుభోదయ ఔషధ పరిశోధన సంస్థ సమన్వయకర్త సంయుక్త నమస్కారాలతో రాయునది.

మీ ఉత్తరం అందింది. మా సంస్థకు చేతిరాతతో వచ్చిన మొదటి ఉత్తరం ఇదే. దీన్ని ఏ ఫైల్లో పెట్టాలో తేల్చడానికి నాలుగు రోజులు పట్టింది. ఆలస్యానికి మన్నించండి.

మీ ఒకటో ప్రశ్నకు జవాబు: నాకు తెలియదు. డాక్టరు గారికీ తెలియదు. మా డైరెక్టరు కోదండరాం గారికీ తెలియదు. ఎవరికి ఏ సీసా వెళ్లాలో కంప్యూటరు చీటీలు తీసినట్టు తీసి నిర్ణయిస్తుంది. ఆ జాబితాకు సీలు వేసి వేరే చోట దాచారు. పరీక్ష పూర్తయ్యాకే విప్పుతారు.

రెండో ప్రశ్న. అందరికీ మందే ఇచ్చాం, అందరికీ జ్వరం తగ్గింది అనుకోండి. అది మందు వల్ల తగ్గిందో, మా నర్సు నేర్పినట్టు రోజూ సబ్బుతో కాలు కడుక్కుని తుడుచుకోవడం వల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది? మందు వేసుకున్నవాళ్లకీ ఉత్తమాత్ర వేసుకున్నవాళ్లకీ మధ్య తేడా కనబడితేనే మందు పనిచేసినట్టు. ఈ జబ్బు వచ్చేది ఎక్కువగా పేదవాళ్లకు. వాళ్లు మందు కొనలేరు గనక పెద్ద కంపెనీలు ఇటు తొంగి కూడా చూడవు. ఎవరెవరినో బతిమాలి ఈ ఒక్క మందును ఇంతదాకా తెచ్చారు. పరీక్ష జరిగేది పెరంబూరు, పురసవాక్కం, రెండే కేంద్రాల్లో. దయచేసి సహకరించండి. మందు పనిచేస్తుందని తేలితే, పదకొండో పేజీలో రాసినట్టు, మీ అందరికీ అవసరం ఉన్నన్నాళ్లూ ఉచితంగా ఇస్తాం.

మా దృష్టిలో పాల్గొనేవాళ్లందరూ సమానమే.

భవదీయురాలు,
సంయుక్త.

తా. క. మాత్ర ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. నెలనెలా సీసా తిరిగి ఇవ్వాలి, మిగిలిన మాత్రలు లెక్కపెడతాం. లిఫ్టు గురించి చీరల అంగడి వాళ్లకు రాశాం. ఆడి సేలు, అదే మన ఆషాఢం సేలు, అయ్యాక పెట్టెలు తీస్తామన్నారు.


పెరంబూరు,
జూలై 8.

ఎవరికీ ఏమీ తెలియని ఆఫీసులో పనిచేసే సంయుక్త గారికి, వరదరాజులు దండం పెట్టి రాసేది.

మీ జవాబు మూడుసార్లు చదివాను. డాక్టరుకు తెలియదు, డైరెక్టరుకు తెలియదు. మా షాపులో ఏ ఫిట్టరైనా రైలు పెట్టెకు ఏ బోల్టు బిగించాడో తనకే తెలియదని అనుంటే ఆ పూటే ఇంటికి పంపేసేవాళ్లు. సరే, మిమ్మల్ని అనడం లేదు. ఆడించేవాడు కంప్యూటరు. కానీ చివర్లో ఒక్క మాట రాశారు చూడండి, అందరూ సమానమే అని, దాని కింద ఎర్ర సిరాతో గీత గీశాను. ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో ఇంత మంచి మాట నేను సర్వీసు మొత్తంలో చూడలేదు.

నిన్న ఆదివారం పాత సైకిల్ షెడ్డులో పెరంబూరు వాళ్లం ఇరవై ఆరు మందిమీ సమావేశమయ్యాం. అధ్యక్షత నాది. మీ ఉత్తరం చదివి వినిపించాను. ట్రాక్ పనిచేసి రిటైరైన కాటయ్య లేచి, "నాది ఉత్తమాత్రైతే, నేనెందుకప్పా ఆ మెట్లెక్కి సావాల?" అన్నాడు. స్టేషను ముందు పూలమ్మే అమ్మాసి ఒకటే ఏడుపు. "జొరం వస్తే మూడు దినాలు బుట్ట దించాల. ఉత్తది నాకే వచ్చుంటాదిలే. నాకెప్పుడు మంచిది వచ్చింది?" అంది. అందరం మానేద్దామని వేలు అనే ఆయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మనం మానేస్తే పరీక్ష ఆగిపోతుంది, పరీక్ష ఆగితే మందే ఉండదని గట్టిగా చెప్పాను.

తర్వాత ఏకగ్రీవంగా తీర్మానం చేశాం. "మన శాఖలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనేది ఇకపై లేదు. వచ్చింది అందరిదీ." అమలు కూడా వెంటనే. ఫ్యాక్టరీలో ఆయుధపూజ నాడు బొరుగులు, పప్పులు, బెల్లం, కొబ్బరి ఎవరు ఏది తెచ్చినా ఒకే గంగాళంలో పోసి, కలిపి, తలా ఇంత పంచేవాళ్లం. తనకు బెల్లం రాలేదని ఒక్కడూ అనడానికి వీల్లేదు. ఆ గంగాళం ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ప్రతి నెలా మొదటి ఆదివారం అందరూ సీసాలతో సహా వచ్చి దాని చుట్టూ కూర్చుంటారు. పంపకం నా కళ్ల ముందే. మీరు చెప్పినట్టు అందరూ తిన్నాకే మాత్ర. ఇకమీదట "నాది ఏ మాత్ర?" అని మాలో ఎవరూ మిమ్మల్ని విసిగించరు. ఆ ప్రశ్నే లేకుండా చేశాం.

ఇట్లు,
వరదరాజులు.

తా. క. పంకజం రాసేది. గంగాళాన్ని చింతపండేసి తోమింది నేను. ఏడొందల ఎనభై ఎంచింది నేనూ అమ్మాసీ. తీర్మానం మాత్రం ఈయనది.


టి. నగర్,
సెప్టెంబరు 18.

మాననీయులు వరదరాజులు గారికి, సంయుక్త సంతోషంగా రాయునది.

పెరంబూరు నుంచి వచ్చే సీసాలు చూసి మా ఆఫీసంతా ముక్కున వేలేసుకుంటోంది. రెండు నెలలుగా ఇరవై ఆరు సీసాల్లో ఒక్క మాత్ర మిగల్లేదు. పురసవాక్కం వాళ్ల సీసాలేమో సగానికి సగం నిండుగా తిరిగొస్తున్నాయి. పరగడుపున మింగి, కడుపులో తిప్పుతోందని మానేస్తున్నారట.

మీరు ఎవరూ చెప్పకుండానే అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, తలా ఇంత తినిపించి, మాత్రలు కూడా లెక్కపెట్టి వేయిస్తున్నారని కోదండరాం గారికి మీ ఉత్తరం చూపించాను. ఆయనకు తెలుగు చదవడం రాదు కాబట్టి నేనే సారాంశం చెప్పాను. "దీన్నే జన భాగస్వామ్యం అంటారు. పదేళ్లుగా ప్రతి సభలో నేను మొత్తుకుంటున్నది ఇదే" అని ఆయన చాలా సంబరపడ్డారు.

ఆయన ఆదేశం మేరకు ఈ ఉత్తరం సంస్థ లెటర్‌హెడ్ మీద, ముద్రతో పంపుతున్నాను. మీ గంగాళం పద్ధతిని పురసవాక్కం కేంద్రంలో కూడా యథాతథంగా ప్రవేశపెట్టవలసిందిగా సంస్థ మిమ్మల్ని కోరుతోంది. ప్రశంసాపత్రం జతపరిచాను.

మీ సేవలకు కృతజ్ఞతలతో,
సంయుక్త.

తా. క. బొరుగులంటే మరమరాలని నాకు మా వాచ్‌మన్ చెబితే తెలిసింది. మా గుంటూరులో ఆ మాట వినలేదు. లిఫ్టులోంచి ఆడి సేలు పెట్టెలు తీసేశారు. దీపావళి పెట్టెలు పెట్టారు.


పెరంబూరు,
నవంబరు 6.

అమ్మా సంయుక్తా, ఇకమీదట గారు తీసేస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. వరదరాజులు ఆశీర్వదించి రాసేది.

పురసవాక్కం పని పూర్తయింది. అక్కడ అందరూ అంగళ్లలో పనిచేసేవాళ్లు, ఒకరంటే ఒకరికి నమ్మకం లేదు. నగల అంగడి గుమాస్తా యువరాజ్ అని ఒకడు, "ఇట్నా చేయొచ్చా సార్? ఆఫీసు వాళ్లు ఒప్పుకుంటారా?" అని అడ్డుతగిలాడు. నీ లెటర్‌హెడ్ తీసి ముద్ర చూపించాను. కళ్లకద్దుకుని అతనూ వచ్చి కూర్చున్నాడు. గంగాళం దొరక్క పెళ్లిమంటపం నుంచి అద్దెకు తెచ్చుకున్నారు. రెండో నెలకే అంతా గాడిన పడింది.

నీకు చెప్పాల్సిన అసలు కబురు ఇది. జూలై అమావాస్యకు పంకజానికి జ్వరం వచ్చింది. ఆగస్టులో ఒక్క పూట ఒళ్లు వెచ్చబడి పోయింది. సెప్టెంబరులో లేదు. అక్టోబరులో లేదు. మొన్న దీపావళి అమావాస్య నాడు ఆమె పొయ్యి ముందు నిలబడి అరిసెలు వండింది. ఇరవై రెండేళ్లలో ఆ రోజున మా ఇంట్లో నూనె వాసన రావడం ఇదే మొదలు. నాకు ఏడుపొచ్చేసిందమ్మా. సమ్మెలో గేటు ముందు పోలీసులు కుళ్లబొడిచినప్పుడు కూడా నేను ఏడవలేదు. పెరట్లోకి పోయి కళ్లు తుడుచుకుని వచ్చాను.

ఆమె ఒక్కతే కాదు. అమ్మాసి మూడు నెలలుగా బుట్ట దించలేదు. కాటయ్య చేతికర్ర పారేశాడు. ఇరవై ఆరు మందికీ జ్వరాలు తగ్గాయి, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ లేకుండా. మీ మందు మంచిది. ఈ మాట మీ పెద్దలకు నా పేరుతో చెప్పు.

ఇట్లు,
వరదరాజులు.

తా. క. పంకజం రాసేది. డబ్బాలో అరిసెలు పంపినా. పైన ఉండేవి గట్టివి, మీ డైరెక్టరుకి ఇయ్యి. అడుగున మెత్తవి ఉండాయి, నువ్వు తిను.


టి. నగర్,
మార్చి 10.

వరదరాజులు గారికి, సంయుక్త నమస్కరించి రాస్తున్నది.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. చివరికి ఆఫీసు ఇచ్చిన మాటలే రాస్తున్నాను, నన్ను క్షమించండి.

సీలు విప్పి లెక్కలు చూశారు. మందు ఇచ్చినవాళ్లలో జ్వరాలు ఎంత తగ్గాయో, ఉత్తమాత్ర ఇచ్చినవాళ్లలోనూ సరిగ్గా అంతే తగ్గాయి. రెండు కేంద్రాల్లోనూ తేడా అన్నదే లేదు. కాబట్టి ఈ మందుకు ప్రత్యేకంగా ఏ గుణమూ లేదని, తగ్గినదంతా కాలు కడుక్కోవడం వల్లేనని నిపుణులు తేల్చారు. పరీక్ష ముగిసింది. పదకొండో పేజీ వర్తించదు. మీ దగ్గర మిగిలిన మాత్రలు వారం లోపల తిరిగి ఇవ్వాలి.

పంకజం పిన్ని గారికి నేనే వచ్చి చెబుదామనుకున్నాను. ధైర్యం చాలలేదు.

ఇట్లు,
సంయుక్త.


పెరంబూరు,
మార్చి 16.

సంయుక్తకు, వరదరాజులు కోపంగా రాసేది.

ఏ నిపుణులమ్మా వాళ్లు? ఒక్కరైనా పెరంబూరు వచ్చి చూశారా? అందరికీ నయమైతే మందు తప్పినట్టా? పరీక్ష రాసిన పిల్లలందరూ పాసైతే బడి మూసేస్తారా మీ ఊళ్లో?

తేడా లేదట! తేడా ఎలా ఉంటుంది? తేడా లేకుండా చేయడానికే కదా ప్రతి నెలా ఇరవై ఆరు సీసాలూ గంగాళంలోకి ఒంపి, చెయ్యి పెట్టి బాగా కలిపి, తలా ముప్పై పంచింది! నీకు జూలైలోనే తీర్మానంతో సహా రాశాను. నువ్వు ముద్ర వేసి పురసవాక్కంలోనూ చేయించావు. అందరూ సమానమే అన్నది నువ్వు. చేసి చూపించింది మేము. మేము సాధించినదాన్ని మీరు మందు చేసిన తప్పుగా రాసుకుని కూర్చున్నారు. వెంటనే ఆ నిపుణులకు విషయం తెలియజేసి లెక్క దిద్దించు. పదకొండో పేజీ అమలు చేయించు. లేకపోతే ఇరవై ఆరు మందిమీ వచ్చి మీ మెట్ల మీద కూర్చుంటాం, చీరలు కొనేవాళ్లు ఎలా ఎక్కుతారో చూస్తాను.

ఇంకొకటి. సీలు విప్పామన్నావు. అయితే నా ఒకటో ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. పదిహేడో నంబరు సీసాలో ఉన్నది ఏది?

ఇట్లు,
వరదరాజులు.

తా. క. పంకజం రాసేది. మాత్రలు తిరిగి ఇయ్యమన్నావు. పదకొండు మిగిలి ఉండాయి. పదకొండు దినాలు పోనీ, సీసా ఇస్తా.


టి. నగర్,
మార్చి 26.

బాబాయి గారికి, మీ సంయుక్త రాస్తున్నది.

మీ ఉత్తరం చదివాక మీ జూలై ఉత్తరం తీసి మళ్లీ చదివాను. అంతా అందులోనే ఉంది. గంగాళం అనగానే నేను మరమరాలే అనుకున్నాను. మీరు సీసాలతో సహా అని రాశారు. పిన్ని గారు ఏడొందల ఎనభై అని కూడా రాశారు. మీరు నెలనెలా మాకోసం లెక్క చూసి పెడుతున్నారని మురిసిపోయాను. తప్పు నాది.

మీకు అర్థమయ్యేలా రాయడం ఇప్పుడైనా నా బాధ్యత. మీరు కలపడంతో అందరికీ సగం మందు, సగం ఉత్తమాత్ర వెళ్లాయి. కాగితం మీద రెండు గుంపులున్నా, నిజంగా ఉన్నది ఒకటే గుంపు. ఒకే గుంపులో తేడా ఎక్కడ కనిపిస్తుంది? తేడా కనిపించకపోతే మందు ఓడిపోయినట్టే. జ్వరాలు తగ్గింది ఆ సగం మందుతోనా, సబ్బుతోనా, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. రక్తంలో మందు చేరిందో లేదో చూసే పరీక్ష ఒకటి ఉంది. అది చేసుంటే రెండో నెలలోనే బయటపడేది. ఖర్చని మొదట్లోనే కొట్టేశారు.

పరుగెత్తుకుంటూ వెళ్లి కోదండరాం గారికి చెప్పాను. మళ్లీ మొదటినుంచి చేద్దామని బతిమాలాను. ఆయన తలుపు వేయించి, "ఆ ఉత్తరం ఎవరి లెటర్‌హెడ్ మీద వెళ్లింది? ముద్ర ఎవరిది?" అని అడిగారు. మనదే అన్నాను. "అయితే గంగాళం అనేది లేదు. ఎప్పుడూ లేదు" అన్నారు. సాయంత్రం నాకు మెమో ఇచ్చారు. లేని పాత్ర గురించి వదంతులు పుట్టిస్తున్నానట.

మందు హక్కులున్న కంపెనీ వాళ్లకు బాధేమీ లేదు. ఇదే మందును కుక్కలకు గుండెలో పట్టే పురుగుల కోసం తయారుచేయబోతున్నారు. కుక్కలున్నవాళ్లు ఎంతైనా పెట్టి కొంటారట. నిన్న ఆఫీసులో మిఠాయి పంచారు. నేను తీసుకోలేదు.

మీ ఒకటో ప్రశ్నకు జవాబు లోపల ఇంకో చిన్న కవర్లో పెట్టి అంటించాను. అడిగే హక్కు మీకుంది, ఇవ్వాల్సిన బాధ్యత నాకుంది. విప్పకపోయినా నేనేమీ అనుకోను బాబాయి గారూ. విప్పొద్దనే నా మనసులో ఉంది.

మీ
సంయుక్త.


పెరంబూరు,
మే 2.

చిరంజీవి సంయుక్తకు, వరదరాజులు రాసేది.

చిన్న కవరు విప్పాను. పదిహేడో నంబరు, అసలు మందు.

నెల రోజులుగా ఆ కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. నా పెళ్లాం చేతికి వచ్చిన మందును నేనే లాక్కుని సగం ఊరికి పంచాను. నేను ఊరుకుని ఉంటే ఆమె మందు మొత్తం ఆమెకే దక్కేది. తేడా కనబడేది, మందు గెలిచేది, బతికినంతకాలం ఉచితంగా వచ్చేది. అన్నీ నా ఈ రెండు చేతులతో చెడగొట్టాను. సమానం, సమానం అని పంతొమ్మిదేళ్లు గొంతు చించుకున్న నోటితో ఇప్పుడు అన్నం తినబుద్ధి కావడం లేదు.

సబ్బో మందో ఎవరూ చెప్పలేరన్నావు. ఆమె సబ్బు ఒక్క రోజు మానలేదు. మాత్రలు అయిపోయాయి. మొన్న ఏప్రిల్ అమావాస్యకు జ్వరం వచ్చింది, మునుపటికంటే గట్టిగా. అమ్మాసికీ వచ్చింది. కాటయ్య మళ్లీ కర్ర కొనుక్కున్నాడు. ఈ లెక్క ఎవరైనా రాసుకుంటారా అని అడగను. నాకు తెలుసు.

కుక్కల మందు సంగతి చదివి టి. నగర్‌లో కుక్కల మందులమ్మే అంగడికి పోయాను. మీ మందు ఇంకా రాలేదన్నారు. వచ్చినా డాక్టరు చీటీ ఉండాలట, కుక్కను తీసుకొచ్చి చూపించాలట. "ఏం జాతి సార్?" అని మర్యాదగా అడిగాడు ఆ అబ్బాయి. పెరంబూరు జాతి అని చెప్పి వచ్చేశాను.

అమ్మా, నాకొక కాగితం కావాలి. లెటర్‌హెడ్ మీద, ముద్రతో. "పదిహేడో నంబరు: ఉత్తమాత్ర" అని ఒక్క ముక్క. నా జన్మలో నేను ఎవరినీ దొంగ కాగితం అడగలేదు. పంకజం రోజూ అడుగుతోంది, "ఆ పిల్ల ఏం రాసింది? నాది ఏదంట?" అని. ఇంకా రాలేదని రోజూ అబద్ధం చెబుతున్నాను. ఆమెది ఉత్తమాత్రే అయ్యుంటే, నేను కలపబట్టే ఆ ఎనిమిది నెలలైనా సుఖపడిందని అనుకుంటుంది. ఆమెను అలా అనుకోనియ్యి. నాకు వేరే దారి కనబడటం లేదు.

ఇట్లు,
వరదరాజులు.

తా. క. పంకజం రాసేది. ఈయన కవరు అంటించమని నా చేతికిచ్చి పాలకి పోయినాడు. అందుకే బిరబిరా రాస్తా ఉండా.

నీ చిన్న కవరు వచ్చిన దినం ఈయన ఇంట్లో లేడు. నేనే విప్పి చదివినా. అన్నం మెతుకు పెట్టి మళ్లీ అంటించినా. కోపం రాలేదా అంటే వచ్చింది కన్నా, శానా వచ్చింది. రెండు దినాలు ఈయనతో మాట్లాడలా. కూరలో ఉప్పు కుమ్మరించినా. ఒక్క కాయిదం రాయలా ఈయన, అట్నే తినేసి లేచినాడు. అప్పుడే నాకు భయమేసింది. రోజూ ఎందుకు అడుగుతా ఉండానంటే, నోరు తెరిచి చెప్పేస్తే కొంజం తేలికవుతాడేమోనని. చెప్పలా.

నా సగం అమ్మాసికి పోయింది. పోనీలే, అది కూడా ఎనిమిది నెలలు బుట్ట దించకుండా పూలమ్ముకునింది. నా కాలు నాకు కొత్తా ఏంది?

ఈయన అడిగినట్టే రాసి పంపు. ఉత్తమాత్రే అని రాయి. ముద్ర బాగా పడేట్టు వెయ్యి, లేకుంటే నేను నమ్మనని ఈయన బెంగపెట్టుకుంటాడు. ఈయన చదివి వినిపిస్తాడు. నేను "అట్నా" అంటా.